నూసా తీరవనంలో ఒక పూట నడక

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌కు ఉత్తరంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న నూసా జాతీయ ఉద్యానవనాన్ని చూసివచ్చిన మా మిత్రులలో చాలామంది తీరం వెంట వెళ్లి, మళ్లీ అదే దారిన వెనక్కి వచ్చినవారే. ఆగస్టులో రెండు రాత్రులు అక్కడ గడిపిన మేము మాత్రం ముందు అడవి దారిన లోపలికి వెళ్లి, సముద్రం పక్కగా తిరిగి వచ్చాము. సముద్రాన్ని ముందే చూసేస్తే అడవిలో నడవడానికి ఎవరికీ ఓపిక మిగలదని నా నమ్మకం.

బస విషయంలో కొంత తర్జనభర్జన పడ్డాము. ఉద్యానవనంలో సముద్రంలోకి చొచ్చుకువచ్చిన ఈ కొండకొమ్ము భాగంలో గుడారం వేసుకోవడానికి అనుమతి లేదు. హేస్టింగ్స్ స్ట్రీట్‌లో దిగితే పార్కు ద్వారం వరకు తీరం పక్కనున్న చెక్కబాట మీద నడిచి వెళ్లవచ్చు గాని, అక్కడి అద్దెలు మా అంచనాకు అందలేదు. చివరకు నది ఒడ్డున ఉన్న నూసావిల్‌లో ఒక అపార్ట్‌మెంట్ తీసుకున్నాము. నది కనిపిస్తుందని ప్రకటనలో రాసిన బాల్కనీ నుంచి పక్కింటి గోడ మీదుగా రెండు వేళ్ల వెడల్పు నీరు మాత్రమే కనిపించింది. అడిగితే, కనిపిస్తున్నది నదే కదా అని యజమాని సమాధానమిచ్చారు. అయినా వంటగది శుభ్రంగా ఉండటం, బస్సు స్టాపు రెండు నిమిషాల నడకలో ఉండటం వల్ల ఆ ఇంటిని తప్పుపట్టలేను. క్వీన్స్‌లాండ్‌లో 2024 ఆగస్టు నుంచి ప్రభుత్వ రవాణాలో ఎంత దూరానికైనా టికెట్టు 50 సెంట్లే కాబట్టి, కారును ఇంటి దగ్గరే వదిలి బస్సులో వెళ్లాము.

ఉద్యానవనానికి ప్రవేశ రుసుము లేదు, కుక్కలను రానివ్వరు. మంచినీళ్ల కుళాయిలు, మరుగుదొడ్లు ద్వారం దగ్గర ఉన్నాయి కనుక సీసాలు అక్కడే నింపుకోవాలి. మోకాళ్ల నొప్పితో బాధపడే మా నాన్నగారు అక్కడి చెట్ల నీడలోని బల్ల దగ్గరే ఉండిపోయారు. తీరబాటలో మొదటి భాగం చదునుగా ఉండటంతో, మేము వచ్చేలోపు ఆయన బాయిలింగ్ పాట్ అనే చూపుమిట్ట వరకు ఒక్కరే వెళ్లి వచ్చారట.

టాంగిల్‌వుడ్ అనే అడవి దారి 4.2 కిలోమీటర్లు సాగి హెల్స్ గేట్స్ అనే చోట తీరాన్ని చేరుతుంది. అక్కడి నుంచి తీరబాటలో ద్వారానికి మరో 2.7 కిలోమీటర్లు. రెండూ కలిపి మాకు ఆగుతూ నడిస్తే మూడు గంటలు పట్టింది. ఈ దారిలో నాకు అన్నిటికన్నా నచ్చింది స్క్రిబ్లీ గమ్ అనే యూకలిప్టస్ చెట్టు. దాని తెల్లని నున్నటి బెరడు మీద, అక్షరాలు దిద్దడం అప్పుడే మొదలుపెట్టిన పిల్లవాడు బలపంతో గీసినట్టు, గోధుమరంగు మెలికల గీతలు ఉంటాయి. ఒక చిన్న చిమ్మట పురుగు బెరడు కింద తొలుచుకుంటూ పోయి, ఒకచోట వెనుదిరిగి, వెళ్లిన దారి పక్కనుంచే మళ్లీ రావడం వల్ల అవి ఏర్పడతాయి. పై పొర రాలాక గాని బయటపడవు. మా అమ్మాయి ఒక గీత మీద వేలు పెట్టి చివరిదాకా వెళ్లాలని నాలుగుసార్లు ప్రయత్నించి, నాలుగుసార్లూ దారి తప్పింది.

పొదలు దాటి హెల్స్ గేట్స్ చేరగానే గాలి ఒక్కసారిగా ముఖాన కొడుతుంది. రెండు నిటారు రాతిగోడల మధ్యకు అలలు దూసుకువస్తున్న ఆ చోట పిల్లల చేయి వదలకూడదు. జూన్ నుంచి నవంబరు వరకు హంప్‌బ్యాక్ తిమింగలాలు ఈ తీరం మీదుగా ప్రయాణిస్తాయి. అరగంట కూర్చున్నాక దూరంగా రెండుసార్లు నీటి ఆవిరి లేచింది, అంతే. దక్షిణంగా కిందికి కనిపించే అలెగ్జాండ్రియా బే విశాలమైన ఇసుకతీరమే గాని, అక్కడ కాపలాదారులు ఉండరు, నీటిలో లాగేసే ప్రవాహాలు బలమైనవి. పైగా చట్టం ఒప్పుకోకపోయినా అక్కడ బట్టలు లేకుండా తిరిగేవారు ఉంటారన్న సంగతి పెద్దలను వెంటబెట్టుకుని వెళ్లేవారు ముందే తెలుసుకోవడం మేలు. ఈత కొట్టాలనుకుంటే ఎరుపు, పసుపు జెండాలు పాతి కాపలా కాసే మెయిన్ బీచ్‌కే వెళ్లాలి.

తిరుగుదారిలో గ్రానైట్ బే, డాల్ఫిన్ పాయింట్, టీ ట్రీ బే వరుసగా వస్తాయి. పలక మీద నిలబడి అలలపై జారే ఆటకు (సర్ఫింగ్) 2020లో వరల్డ్ సర్ఫింగ్ రిజర్వ్‌గా గుర్తింపు పొందిన తీరం కావడంతో, పలకలు చంకన పెట్టుకుని చెప్పులు లేకుండా పరుగున వెళ్లే కుర్రవాళ్లకు పక్కకు తప్పుకుంటూ నడవాలి. ఊడలు నేలకు దింపిన మొగలి జాతి చెట్లు, సరుగుడు చెట్లు దారి పొడవునా కనిపించేసరికి, కాసేపు మన తీరంలోనే ఉన్నామేమో అనిపించింది. కోఆలాలు ఇక్కడి యూకలిప్టస్ చెట్ల మీద కనిపిస్తాయని విని ప్రతి కొమ్మనూ వెతికాము. టీ ట్రీ బే దగ్గర నలుగురు తలెత్తి నిలబడి ఉంటే మేమూ ఆగాము. కొమ్మ పంగలో బూడిదరంగు మూటలాగా ముడుచుకుని నిద్రపోతున్న ఆ జంతువు మేము ఉన్న పావుగంటలో ఒక చెవి మాత్రం కదిలించింది.

ద్వారం చేరేసరికి పదిన్నర. ఉన్న కాస్త పార్కింగ్ స్థలం నిండిపోయి కార్లు చుట్టూ తిరుగుతున్నాయి. బల్ల మీద కూర్చున్న మా నాన్నగారిని, మీరు బయలుదేరుతున్నారా, మీ కారు ఎక్కడుందని అప్పటికి ఐదుగురు అడిగారట.