యూరిక్ యాసిడ్ పేరు చెప్పి అమ్ముతున్న 'కిడ్నీ కోర్సు': బెంగళూరులో షుగర్ ఉన్నవాళ్లు జాగ్రత్త

ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబ్ ప్యాకేజీలు కొనేవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే, ఇది చివరిదాకా చదవండి. మోసం పరీక్ష దగ్గర మొదలై పొడి డబ్బా దగ్గర తేలుతోంది.

మేముండేది మారతహళ్లిలో. మా మామగారు అనంతపురం నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. ఆయనకు చాలా ఏళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. 'డయాబెటిక్ కిడ్నీ ప్యాకేజీ' అని ప్రకటన కనిపిస్తే బుక్ చేసుకున్నారు. రిపోర్టులో యూరిక్ యాసిడ్ (ఒంట్లో తయారయ్యే ఒక వ్యర్థ పదార్థం) 7.6 అని ఎర్రటి అక్షరాలు, పక్కనే పైకి బాణం గుర్తు. మర్నాడే ఆ ప్యాకేజీ వాళ్ల దగ్గర్నుంచి ఫోన్. "అంకుల్, షుగర్ ఉన్నవాళ్లకి యూరిక్ యాసిడ్ ఇంతుంటే కిడ్నీలు ఆగవు. ఇప్పుడే తగ్గించుకోకపోతే తర్వాత డయాలసిసే" అని చక్కటి తెలుగులో చెప్పిందట ఆ అమ్మాయి. మేమంతా ఆఫీసుల్లో ఉన్నాం. మూడు నెలల పొడి కోర్సుకి 14,500 రూపాయలు ఫోన్‌లోనే కట్టించుకున్నారు. అంతటితో ఆగినా బాగుండేది. షుగర్ మాత్రలు కిడ్నీకి బరువు, కోర్సు అయ్యేదాకా ఆపేయండి అన్నారు. పెద్దాయన ఆపేశారు.

మోకాళ్ల నొప్పులు వారంలోనే తగ్గాయని ఆయన సంతోషించారు. ఆ తర్వాత విపరీతమైన దాహం, నీరసం, కాళ్ల వాపు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే పరగడుపు షుగరు 290 దాటింది. నొప్పులు అంత త్వరగా తగ్గాయంటేనే అనుమానించాలని డాక్టరు అన్నారు. ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్లు, నొప్పి మందులు కలపడం కొత్తేమీ కాదు. స్టెరాయిడ్ షుగర్ని పెంచుతుంది, నొప్పి మందు కిడ్నీని దెబ్బతీస్తుంది. మేం పొడిని పరీక్ష చేయించలేదు కాబట్టి అందులో ఏముందో నేను చెప్పను. డబ్బా మీద మాత్రం '21 మూలికలు' అన్న మాట తప్ప మూలికల పేర్లు లేవు, బ్యాచ్ నంబరు లేదు, తయారీ లైసెన్స్ నంబరు లేదు. ఆయుర్వేద మందుకైనా ఇవన్నీ లేబుల్ మీద ఉండి తీరాలి.

ఆ ఫోన్‌లో చెప్పింది పూర్తి అబద్ధమైతే ఇంతమంది నమ్మరు. షుగర్ ఉన్నవాళ్లలో యూరిక్ యాసిడ్ ఎక్కువగా ఉంటే కిడ్నీ జబ్బు కూడా ఎక్కువగా కనిపిస్తుందన్న మాట నిజమే. కానీ యూరిక్ యాసిడ్‌లో దాదాపు మూడింట రెండొంతులు బయటికి పంపేది కిడ్నీలే. అవి నెమ్మదిస్తే అది రక్తంలో పేరుకుంటుంది. అంటే పెరిగిన యూరిక్ యాసిడ్ కిడ్నీ జబ్బుకి కారణం కాకుండా ఫలితం కూడా కావచ్చు. దాన్ని తగ్గిస్తే కిడ్నీ నిలబడుతుందా అని పెద్ద ఎత్తున పరీక్షించి చూశారు కూడా. పెర్ల్ అనే పరిశోధనలో టైప్ 1 డయాబెటిస్ ఉన్న 530 మందిలో కొందరికి మూడేళ్లు యూరిక్ యాసిడ్ తగ్గించే అలోప్యూరినాల్ మందు ఇచ్చారు. యూరిక్ యాసిడ్ 6.1 నుంచి 3.9కి దిగింది, కిడ్నీ పనితీరుకి మాత్రం లాభం కనపడలేదు. ఆ ఫలితాలు 2020లో వచ్చాయి. అదే ఏడాది వచ్చిన సీకేడీ-ఫిక్స్ పరిశోధనలోనూ ఇదే తేలింది. గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ల వాపు), కిడ్నీలో రాళ్లు లాంటివి ఉంటే డాక్టరు మందు ఇస్తారు, అది వేరే సంగతి.

ఇంకో మాట. మామగారి బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసి ఉంది. అది యూరిక్ యాసిడ్‌ని పెంచుతుంది. ఏ మాత్రలు వాడుతున్నారని ఆ ఫోన్‌లో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది ప్యాకేజీ. పేరులో కిడ్నీ ఉంది, షుగర్ వాళ్ల కిడ్నీకి అన్నిటికంటే ముందు చేయాల్సిన మూత్రంలోకి ప్రోటీన్ ఎంత కారుతోందో చెప్పే అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి పరీక్షే అందులో లేదు. ఏసీఆర్ అంటే ల్యాబుల్లో తెలుస్తుంది. 30 లోపు ఉండాలి. టైప్ 2 ఉన్నవాళ్లు జబ్బు బయటపడిన రోజు నుంచే ఏటా ఇదీ, రక్తంలో క్రియాటినిన్‌తో కిడ్నీ పనితీరుని లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ పరీక్షా చేయించుకోవాలి. డాక్టరు చేయిస్తే మామగారి ఏసీఆర్ 180 వచ్చింది. అంటే అసలు సమస్య ఉంది, దాన్ని వదిలేసి యూరిక్ యాసిడ్ అంకె చూపించి పొడి అమ్మారు. ఇప్పుడు బీపీ మాత్ర మార్చారు, డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందు మొదలుపెట్టారు. ఆ మందు కిడ్నీని కాపాడుతుందని రుజువైంది, యూరిక్ యాసిడ్‌ని కూడా కొంత తగ్గిస్తుంది.

షుగర్ మాత్రల విషయంలోనూ సగం నిజమే చెప్పారు. కిడ్నీ పనితీరు బాగా పడిపోయి ఈజీఎఫ్ఆర్ 30 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ ఆపాలి. ఆ నిర్ణయం డాక్టరుది, ఫోన్ చేసినవాళ్లది కాదు.

ప్యాకేజీ కొనేముందు పరీక్షల జాబితా అడిగి, ఏసీఆర్ ఉందో లేదో చూడండి. పెద్ద ఖర్చు వద్దనుకుంటే విక్టోరియా హాస్పిటల్ ఆవరణలో ప్రభుత్వ నెఫ్రో యూరాలజీ సంస్థ ఉంది, అక్కడ కిడ్నీ డాక్టర్లకే చూపించుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లకి ఇలాంటి ఫోన్లు వస్తే డబ్బు కట్టేముందు మీకు చెప్పమనండి.

డబ్బు వెనక్కి అడిగితే సీల్ తీసేశారు కాబట్టి కుదరదన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. షుగర్ నయం చేస్తామని ప్రకటించడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం, కాబట్టి అలా చెప్పిన వాళ్ల ప్రకటన స్క్రీన్‌షాట్ కూడా జత చేశాం. మీ దగ్గరా ఇలాంటి డబ్బా ఉంటే పారేయకండి. డబ్బు కట్టిన రసీదు, వాట్సాప్ మెసేజ్‌లతో పాటు దాచి ఉంచండి, ఫిర్యాదుకి అవన్నీ అడుగుతారు.