హైదరాబాద్ నుంచి విజయవాడకు ఎఫ్‌డీజీ రవాణా: ఏడాది వాడకం తర్వాత

విజయవాడలోని మా ఆసుపత్రికి పెట్ స్కాన్ మందు ఎఫ్‌డీజీ హైదరాబాద్‌లో ఇలాంటి రేడియోధార్మిక మందులు తయారుచేసే ఒక సైక్లోట్రాన్ కేంద్రం నుంచి రోడ్డు మీదుగా వస్తుంది. రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరుగా ఆ పెట్టెను దింపించుకునేది నేనే కనుక, దాన్ని తెచ్చే రవాణా సంస్థ గురించి రాస్తున్నాను. పేరు మాత్రం చెప్పను.

ఈ మందులోని రేడియోధార్మిక పదార్థం ఫ్లోరిన్-18. దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గిపోయే సమయం, 110 నిమిషాలే కావడంతో, ఐదు గంటల ప్రయాణం ముగిసేసరికి బయలుదేరినప్పటి రేడియోధార్మికతలో దాదాపు 15 శాతమే మిగులుతుంది. సమయపాలనలో వీరికి వంక పెట్టలేను. సంక్రాంతి ముందు పంతంగి టోల్‌గేటు దగ్గర బండ్లు బారులు తీరిన రోజున డ్రైవరు అక్కడి నుంచే ఫోన్ చేయబట్టి, చివరి ఇద్దరు రోగులను పరగడుపున కూర్చోబెట్టకుండా మర్నాటికి మార్చగలిగాం. గంట ఆలస్యమైతే ఉన్న మందులో మూడో వంతుకు కాస్త తక్కువ పోయినట్టే మరి.

ప్యాకింగ్ కూడా బాగుంటుంది. గాజు సీసా సీసపు కుండలో, ఆ కుండ టైప్-ఎ పెట్టెలో (రేడియోధార్మిక సరుకు రవాణాకు వాడే ఒక రకం పెట్టె) కదలకుండా కూర్చుని వస్తాయి; మూత తుడిచిన ఫిల్టర్ పేపర్‌పై ఇంతవరకు రేడియోధార్మిక కాలుష్యం కనబడలేదు.

నా ఫిర్యాదల్లా లేబుల్‌తోనే. పెట్టెకు మీటరు దూరంలో రేడియేషన్ గంటకు ఎన్ని మైక్రోసీవర్ట్‌లో (రేడియేషన్ మోతాదు కొలమానం) కొలిచి, పదితో భాగిస్తే వచ్చేది ట్రాన్స్‌పోర్ట్ ఇండెక్స్; లేబుల్ మీద రాసేది అదే. ఒకరోజు లేబుల్ మీద 0.8 అని ఉంది. ఆ లెక్కన బయలుదేరినప్పుడు 8 ఉండి, మా దగ్గరకు వచ్చేసరికి 1.2కు పడిపోవాలి. సర్వే మీటరు 3 చూపించింది. వెనక్కి లెక్కవేస్తే బయలుదేరినప్పుడు 20, అంటే ఇండెక్స్ 2. ఇండెక్స్ ఒకటి దాటితే ఎల్లో-3 లేబుల్ ఉండాలి, పెట్టెకు ఉన్నది అంతకంటే తక్కువ రేడియేషన్‌కు వాడే ఎల్లో-2. కుండ బీటలు వారిందేమోనని ముందు కంగారుపడ్డాను. తీరా చూస్తే అది ముందురోజు లేబుల్! ఖాళీ పెట్టె దాంతోనే తిరిగి వెళ్లింది, దాంతోనే మళ్లీ వచ్చింది. లేబుల్ బాధ్యత పంపేవారిదే అయినా, ఎక్కించుకునేవారు తేదీ అయినా చూడకపోవడం నాకు నచ్చలేదు.

చెప్పిన వారంలోపే పద్ధతి మార్చారు. ఇప్పుడు ఖాళీ పెట్టె బండెక్కే ముందు డ్రైవరు మా ఎదుటే పాత లేబుల్ చింపేస్తున్నాడు, అక్కడ ఎక్కించేటప్పటి రీడింగును ఫోన్‌లో ఫొటో తీసి పంపుతున్నాడు. ఐదుకు నాలుగు ఇస్తాను. సీలు విప్పే ముందు మీటరు పెట్టి చూడటం మాత్రం మానలేదు.