ఢిల్లీలో శాస్త్రి గారి ఇల్లు: తొందరపడితే ఏమీ కనబడదు

న్యూఢిల్లీలో 10 జన్‌పథ్ పక్కనే, 1 మోతీలాల్ నెహ్రూ ప్లేస్‌లో ఉంది లాల్ బహదూర్ శాస్త్రి స్మారక భవనం. ప్రధానిగా ఆయన నివసించిన ఇల్లు. లైట్లు, తెరల హంగామా ఆశించి వెళ్తే నిరాశే. నేపథ్యం తెలియకుండా వెళ్తే మిగిలేది పాత మంచం, కుర్చీలు, ఫొటోలు. అందుకే ముందు కాస్త చదువుకోవాలి.

1956 సెప్టెంబరులో మన మహబూబ్‌నగర్ దగ్గర రైలు ప్రమాదం జరిగితే రైల్వే మంత్రిగా శాస్త్రి గారు రాజీనామా ఇచ్చారు. నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో తమిళనాడులోని అరియలూరు రైలు ప్రమాదం తర్వాత మళ్లీ ఇచ్చారు, ఈసారి ఆమోదించక తప్పలేదు. బాధ్యత అంటే ఏమిటో ఆయన ఉపన్యాసాల కన్నా ఈ రెండు లేఖలే బాగా చెబుతాయి.

ఈ భవనంలో అసలు ఆకర్షణ ఆయన ఫియట్ కారు. ధర 12,000 రూపాయలు. ఆయన దగ్గర ఉన్నవి 7,000, మిగతా 5,000 పంజాబ్ నేషనల్ బ్యాంకు అప్పు. ప్రధానమంత్రికి కారు లోను! 1966 జనవరి 11న తాష్కెంట్‌లో ఆయన చనిపోయాక, ఆ బాకీని లలితా శాస్త్రి గారు తన పింఛనులోంచి తీర్చారు. అందరూ సెల్ఫీ తీసుకుని కదిలిపోయేది ఇక్కడే.

1965 యుద్ధం, ఆహార కొరత గురించి పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్తే వారానికో పూట భోజనం మానమన్న శాస్త్రి గారి పిలుపు వాళ్లకు అర్థమవుతుంది. సోమవారం మాత్రం వెళ్లకండి, సెలవు.