అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కాపురం: స్క్విరెల్ హిలా, మన్రోవిలా?

అద్దె: ఊళ్లోని స్క్విరెల్ హిల్ కంటే, శివారు మన్రోవిల్‌లో అదే డబ్బుకు ఇల్లు కాస్త విశాలంగా దొరుకుతుంది. కానీ కారు లేనిదే పాలడబ్బా కూడా ఇంటికి రాదు.

రాకపోకలు: స్క్విరెల్ హిల్ నుంచి 61 నంబరు బస్సులు కార్నెగీ మెలన్ యూనివర్సిటీ మీదుగా డౌన్‌టౌన్‌కు పోతాయి. మన్రోవిల్ వాళ్లకు పార్క్‌వే ఈస్ట్ హైవేయే గతి. పొద్దున్నే ఆ దారిలో సొరంగం కనబడగానే అందరూ బ్రేకు తొక్కుతారు, ఎందుకో మరి!

పార్కింగ్: స్క్విరెల్ హిల్‌లో వీధిలోనే. మంచు తవ్వుకున్న చోట ఎవరో పాత కుర్చీ పెట్టి వెళ్తారు. ఈ ఊళ్లో అదే రిజర్వేషను, కదపకండి.

గుడి: పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి మన్రోవిల్‌కే దగ్గర.

చదువుకునేవాళ్లకు, కారు లేనివాళ్లకు స్క్విరెల్ హిల్. రెండు కార్లు, పిల్లలు ఉంటే మన్రోవిల్. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే మాత్రం, అక్కడ కారు నడపలేక, మీరు ఆఫీసు నుంచి వచ్చేదాకా కిటికీ దగ్గరే కూర్చుంటారు.