సొంతంగా రాసుకున్న బ్లాగ్ సాఫ్ట్‌వేర్‌ని తోటి డెవలపర్లకి ఎలా ఇవ్వాలి? జిప్ మేలా, హోస్టింగ్ మేలా, గిట్ మేలా?

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు వెబ్‌సైట్లు చేసుకుని బతికే మనలో చాలామంది దగ్గర సొంత బ్లాగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. స్కూలుకో, డెంటల్ క్లినిక్‌కో, రొయ్యల మేత షాపుకో సైట్ చేస్తుంటే "వార్తలు పెట్టుకోడానికి ఒక పేజీ కావాలి" అంటారు, దానికోసం పీహెచ్‌పీలో నాలుగు ఫైళ్లు రాస్తాం, తర్వాతి క్లయింటుకి దాన్నే ఇంకాస్త బాగుచేస్తాం, అలా పోగా పోగా అది పనికొచ్చే సాఫ్ట్‌వేర్ అయిపోతుంది. నాదీ అలా పుట్టిందే. దాన్ని నలుగురికీ ఇవ్వాలంటే మూడు దార్లున్నాయి. జిప్ చేసి పంపడం, మనమే సర్వర్ మీద పెట్టి అందరికీ అకౌంట్లు ఇవ్వడం, గిట్ అనే, కోడ్‌లో ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే పనిముట్టుతో గిట్‌హబ్ లాంటి సైట్లో కోడ్ మొత్తం బయట పెట్టడం. నా తీర్పు ముందే చెప్పేస్తా: గిట్ దారే మేలు. కాకపోతే మొత్తాన్ని ఒకే ముద్దగా పెట్టకూడదు, తెలుగుకి సంబంధించిన భాగాన్ని విడదీసి పెట్టాలి. ఎందుకో చెప్తాను.

జిప్ సంగతి అందరికీ తెలిసిందే. "అన్నా, ఆ బ్లాగ్ కోడ్ కొంచెం పంపుతావా" అని వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది, ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి పంపేస్తాం, రెండు నిమిషాల పని. ఆ సుఖమంతా మొదటి బగ్ దొరికేదాకానే. లాగిన్ పేజీలో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కి (బయటివాళ్లు డేటాబేస్ ఆదేశాలు దూర్చడానికి) సందు ఉందని ఆర్నెల్ల తర్వాత తెలిసిందనుకోండి, మీ కాపీ మీరు సరిచేసుకుంటారు, మరి అప్పటికే చేతులు మారిన జిప్‌ల మాటేంటి? ఎవరి దగ్గర ఏ కాపీ ఉందో మీకు తెలీదు, తన దగ్గరున్నది పాతదని వాళ్లకి తెలీదు. ఈలోగా ఒకరు దానికి కామెంట్లు కలుపుకుని ఉంటారు, ఇంకొకరు ఫోటో గ్యాలరీ కలుపుకుని ఉంటారు, ఈ రెండు పనులూ ఇక ఎప్పటికీ ఒక చోటికి చేరవు. ఇంతకన్నా భయపడాల్సింది ఇంకోటుంది. తొందరలో చేసిన జిప్‌లో కాన్ఫిగ్ ఫైల్ ఉంటుంది, అందులో క్లయింటు డేటాబేస్ పాస్‌వర్డ్ ఉంటుంది, అప్‌లోడ్స్ ఫోల్డర్లో ఆ స్కూలు పిల్లల ఫోటోలు ఉంటాయి. అవి మనవి కావు, మనం పంచిపెట్టడానికి లేదు.

హోస్టింగ్ దారి చూడ్డానికి అన్నిటికన్నా బాగుంటుంది. వాడేవాళ్లకి ఇన్‌స్టాల్ చేసే బాధ లేదు, పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి రాయడం మొదలుపెట్టొచ్చు. 1999లో పైరా ల్యాబ్స్ మొదలుపెట్టిన బ్లాగర్ ఇలాగే జనంలోకి వెళ్లింది, 2003లో గూగుల్ దాన్ని కొనుక్కుంది. అయితే అక్కడ రాసుకునేవాళ్లకి మేలు జరిగింది గానీ, దాని కోడ్ చూసి నేర్చుకుందామనుకున్న డెవలపర్‌కి దక్కింది ఏమీ లేదు. మనం ఇవ్వాలనుకుంటున్నది తోటి డెవలపర్లకి. వాళ్లు లోపలికి తొంగిచూడాలి, విప్పాలి, మార్చాలి. పైగా పదిమంది రాతలు మన సర్వర్ మీద ఉన్నాయంటే బ్యాకప్ మనది, స్పామ్ మనది, రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే లేవాల్సింది మనమే. ఎవరో ఎవరినో తిడుతూ రాస్తే ఆ గొడవ కూడా మన గుమ్మంలోకే వస్తుంది, 2021 ఐటీ రూల్స్ ప్రకారం ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరు, వివరాలు సైట్ మీద పెట్టాలి. పగలు క్లయింట్ల పని చేసుకుంటూ ఒక్క మనిషి మోసే బరువు కాదిది. డబ్బు తీసుకుని, ఇద్దరు ముగ్గురు కలిసి పూర్తికాలం చేస్తే అది వేరే కథ.

ఇక గిట్. కోడ్ బయట పెడితే ఏ మార్పు ఎప్పుడు, ఎవరు, ఎందుకు చేశారో కనపడుతుంది, ఒంగోలులో ఉన్నాయన చేసిన దిద్దుబాటు నెల్లూరులో ఉన్నాయనకి చేరుతుంది. ఇదంతా మీకు తెలుసు. నేను గట్టిగా చెప్పాలనుకున్నది వేరే. బ్లాగులు నడిపే సాఫ్ట్‌వేర్లు బయట ఇప్పటికే వర్డ్‌ప్రెస్ ఉంది, ఘోస్ట్ ఉంది, జెకిల్ ఉంది, హ్యూగో ఉంది. మన సాఫ్ట్‌వేర్‌లో వాటిని మించింది ఏముంది అని అడిగితే నిజాయితీగా చెప్పగలిగేది ఒక్కటే, తెలుగు. ఎడిటర్, లాగిన్, థీములు ఎవరైనా రాస్తారు. తెలుగు రాతతో వచ్చే తిప్పలు తెలుగు సైట్లు చేసినవాళ్లకే తెలుస్తాయి.

ఒక్క ఉదాహరణ చూడండి. "నెల్లూరు చేపల పులుసు చేసే విధానం" అని వర్డ్‌ప్రెస్‌లో పోస్టు రాశారనుకుందాం. శీర్షిక నుంచే దాని లింకు తయారవుతుంది. యూనికోడ్‌లో మన "నెల్లూరు" ఎనిమిది సంకేతాలు: న, ఎత్వం, ల, పొల్లు, మళ్లీ ల, దీర్ఘం, ర, కొమ్ము. ఒక్కో తెలుగు సంకేతం యూటీఎఫ్-8లో (యూనికోడ్‌ని బైట్లుగా రాసే పద్ధతిలో) 3 బైట్లు, లింకులో పెట్టేటప్పుడు ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. అంటే ఒక్కో సంకేతానికి 9, ఒక్క "నెల్లూరు"కే 72. వర్డ్‌ప్రెస్ ఈ లింకు ముక్కకి కేటాయించిన జాగా 200 అక్షరాలు. లెక్కేయండి: "నెల్లూరు చేపల పులుసు" దాకా, మాటల మధ్య గీతలతో కలిపి, 164 అయిపోతాయి, ఆ తర్వాత "చేసే"లో "చేస" వరకు పట్టి, అక్కడ తెగిపోతుంది. "విధానం" మొత్తం పోయింది. ఇంగ్లిష్‌లో ఎంత పొడుగు శీర్షికైనా దాదాపు సరిపోయే జాగాలో మనకి ఇరవై రెండు సంకేతాలే పడతాయి.

పోస్టు మొదటి నాలుగు ముక్కలు హోమ్ పేజీలో చూపించేటప్పుడు ఇంకో తంటా. బైట్ల లెక్కన కోసే ఫంక్షన్ వాడితే అక్షరం నడుమ తెగి, చివర నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం వస్తుంది. సంకేతాల లెక్కన కోసేది వాడితే ఆ గుర్తు రాదు గానీ "స్త్రీ" అన్న మాట "స్" దగ్గరో "స్త్" దగ్గరో ఆగిపోవచ్చు. పీహెచ్‌పీకి విడిగా కలుపుకునే ఇంటల్ ఎక్స్‌టెన్షన్‌లో ఉండే గ్రాఫీమ్ ఫంక్షన్లు దీనికోసమే, చదివేవాడి కంటికి ఒక అక్షరంగా కనపడేదాన్ని అవి ఒకటిగా లెక్కపెట్టడానికి ప్రయత్నిస్తాయి. కానీ చవక హోస్టింగుల్లో ఆ ఎక్స్‌టెన్షన్ అన్నిచోట్లా ఉండదు. అది లేకపోతే పదం మధ్యలో కొయ్యకుండా వెనకనున్న ఖాళీ దగ్గర కోసెయ్యాలి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో యూటీఎఫ్8ఎంబీ4 బదులు పాత యూటీఎఫ్8 పెట్టినా తెలుగు బాగానే వస్తుంది, ఎవరైనా కామెంటులో ఎమోజీ పెట్టిన రోజు తేడా తెలుస్తుంది, ఎందుకంటే పాత యూటీఎఫ్8 అన్నది 3 బైట్ల దాకానే, ఎమోజీకి 4 కావాలి.

లింకు పేరు తయారుచేసేది, ముక్క కోసేది, వెతుకులాటలో "ఱ"కి బదులు "ర" కొట్టినా దొరికేటట్టు చూసేది, ఇవి ఒక చిన్న లైబ్రరీకి సరిపడా కోడ్. దీన్ని విడిగా ఒక రిపోజిటరీలో (గిట్‌లో ఒక ప్రాజెక్టు కోడ్ ఉండే చోట) పెట్టండి. మీ బ్లాగ్ సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని ఎత్తుకుని క్లయింట్లందర్నీ దానిమీదకి మార్చే డెవలపర్ అరుదు, అది సహజం కూడా. ఈ చిన్న లైబ్రరీని మాత్రం రేపే తన పనిలో పెట్టుకుంటాడు, బగ్ దొరికితే దిద్ది పంపిస్తాడు. మొదటి పరిచయం దీనితో జరిగితే పెద్దదాన్ని చూడ్డానికి వాళ్లంతట వాళ్లే వస్తారు.

లైసెన్సు దగ్గర చాలామంది ఆగకుండా వెళ్లిపోతారు, ఇక్కడ మాత్రం ఆగి ఆలోచించాలి. గిట్‌హబ్‌లో అందరికీ కనపడేలా పెట్టినంత మాత్రాన అందరూ వాడుకోవచ్చని కాదు. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాముని సాహిత్య రచన కిందే లెక్కేస్తుంది, రిజిస్ట్రేషన్ లేకపోయినా హక్కు రాసినవాళ్లదే. లైసెన్సు ఫైల్ లేని కోడ్‌ని జాగ్రత్త తెలిసిన డెవలపర్ క్లయింటు సైట్లో పెట్టడు, పెట్టకూడదు.

కోడ్‌ని ఎవరైనా తీసుకుని మార్చుకోనిచ్చే లైసెన్సుల్లో ఎంఐటీయా, జీపీఎల్లా అన్నదానికి బ్లాగ్ సాఫ్ట్‌వేర్ చరిత్రలోనే జవాబుంది. మిషెల్ వాల్‌డ్రిగీ అనే ఆయన బీ2 అని ఒక బ్లాగ్ సాఫ్ట్‌వేర్ రాసి జీపీఎల్ కింద ఇచ్చాడు. కొన్నాళ్లకి ఆయన కనపడకుండా పోయాడు, అప్‌డేట్లు ఆగిపోయాయి. 2003 జనవరిలో మాట్ ముల్లెన్‌వెగ్ అనే 19 ఏళ్ల కుర్రాడు, ఇది జీపీఎల్ కాబట్టి ఆ కోడ్ తీసుకుని నేను ముందుకు నడుపుతాను అని రాశాడు, మైక్ లిటిల్ చెయ్యి కలిపాడు, అదే ఏడాది మే 27న వర్డ్‌ప్రెస్ మొదటి వెర్షన్ బయటికొచ్చింది. రాసినవాళ్లు పక్కకి తప్పుకున్నా పని ఆగలేదు. 2004లో మూవబుల్ టైప్ అనే ఇంకో బ్లాగ్ సాఫ్ట్‌వేర్ 3.0 వెర్షన్ వచ్చినప్పుడు ధరలు, షరతులు మారేసరికి దాన్ని వాడేవాళ్లలో చాలామంది వర్డ్‌ప్రెస్‌కి వెళ్లిపోయారు. వాడేవాళ్లకి రేపటి మీద భరోసా కావాలి, ఆ భరోసా ఇచ్చేది లైసెన్సు.

ఆ భరోసా ఎంఐటీలోనూ ఉంది, జెకిల్, ఘోస్ట్ రెండూ ఎంఐటీయే. తేడా ఏంటంటే ఎంఐటీ కోడ్‌ని ఎవరైనా తీసుకుని, మార్చి, మూసిపెట్టి అమ్ముకోవచ్చు. జీపీఎల్ అయితే మార్చినదాన్ని ఇంకొకరికి ఇచ్చేటప్పుడు సోర్సు కూడా అవే షరతుల మీద ఇవ్వాలి. పూర్తి బ్లాగ్ సాఫ్ట్‌వేర్‌కి నేను జీపీఎల్ వైపే. క్లయింట్లకి ఇబ్బందేమో అని కొందరికి భయం, నిజానికి పీహెచ్‌పీ సైట్ అప్పజెప్పామంటే సోర్సు ఎలాగూ వాళ్ల సర్వర్ మీదే ఉంటుంది, కొత్తగా నెత్తిన పడేదేమీ లేదు. 2007లో వచ్చిన ఏజీపీఎల్ ఇంకో మెట్టు ముందుకెళ్తుంది, మార్చిన సాఫ్ట్‌వేర్‌ని సర్వర్ మీద నడిపినా చాలు, దాన్ని నెట్‌లో వాడుకునేవాళ్లకి సోర్సు అందుబాటులో పెట్టాలంటుంది. పెద్ద హోస్టింగ్ కంపెనీ ఎత్తుకుపోతుందన్న భయం ఉంటే అది సరైనదే. మన ఊళ్లో ఒక షాపు సైట్‌కి రెండు మార్పులు చేసిన కుర్రాడిని మాత్రం అది ఊరికే టెన్షన్ పెడుతుంది, అందుకని నేను వద్దంటాను. తెలుగు లైబ్రరీకైతే ఎంఐటీయే పెట్టాలి. ఎంఐటీ కోడ్‌ని జీపీఎల్ ప్రాజెక్టులో కలుపుకోవచ్చు, కాబట్టి రేపు ఎవరైనా వర్డ్‌ప్రెస్ ప్లగిన్ చేసినా అడ్డు లేదు, మూసిన సాఫ్ట్‌వేర్లో పెట్టుకున్నా తెలుగు లింకులు తెగకుండా ఉంటే మనకి అదే చాలు.

థీముతో పాటు తెలుగు ఫాంట్ ఇస్తుంటే దాని లైసెన్సు కూడా చూసుకోండి. డీటీపీ సెంటర్లో చేతులు మారే ఫాంట్లు పెట్టొద్దు. మండలి, రామభద్ర లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి, ఆ లైసెన్సు ఫైల్‌తో సహా పెడితే సరిపోతుంది.

జిప్‌ని తిట్టాను గానీ, దానికీ ఒక చోటుంది. మన క్లయింట్లలో చాలామందిది షేర్డ్ హోస్టింగ్. బ్రౌజర్లోనే సర్వర్‌ని చూసుకునే సీప్యానెల్ ఉంటుంది, కమాండ్ లైన్ ఉండకపోవచ్చు. "గిట్ క్లోన్ చేసి (కోడ్ కాపీ దింపుకుని), లైబ్రరీలు తెచ్చే కంపోజర్ నడపండి" అంటే అక్కడే సగంమంది వెనక్కి తిరుగుతారు. కావాల్సిన లైబ్రరీలన్నీ లోపల పెట్టి, వెర్షన్ నంబరు వేసి, ఆ రిపోజిటరీ రిలీజుల పేజీలోనే ఒక జిప్ ఉంచండి. దింపుకుని, విప్పి, బ్రౌజర్లో తెరిస్తే ఇన్‌స్టాల్ అయిపోవాలి, అయ్యాక ఇన్‌స్టాల్ ఫైల్ దానంతటదే పనిచేయడం మానెయ్యాలి. రీడ్‌మీ (ఎలా వాడాలో చెప్పే ఫైల్) తెలుగులోనూ రాయండి. బయటికి చెప్పేముందు ఆ కోడ్ ఎప్పుడూ చూడని స్నేహితుడి చేత ఖాళీ సబ్‌డొమైన్‌లో పెట్టించండి, మీరు నోరు విప్పకుండా పక్కన కూర్చోండి. అతను ఎక్కడ ఆగి మీ వైపు చూస్తాడో రీడ్‌మీలో అక్కడ ఒక వాక్యం తక్కువైనట్టు.

పాత రిపోజిటరీని ఉన్నపళంగా పబ్లిక్ చేయొద్దు. పాస్‌వర్డ్ ఉన్న ఫైల్‌ని ఈరోజు తీసేసినా పాత కమిట్లలో (గిట్ దాచిన పాత మార్పుల్లో) అది అలాగే ఉంటుంది. కొత్త రిపోజిటరీలో శుభ్రమైన మొదటి కమిట్‌తో మొదలుపెట్టండి, ఆ పాస్‌వర్డులు ఎలాగూ మార్చేయండి.

ఉద్యోగం చేస్తూ రాసినవాళ్లకి ఇంకో మాట. ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్ మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు యజమానిదే అని కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. ఇంట్లో రాత్రిపూట రాశామన్నా ఆఫీసు ల్యాప్‌టాప్ మీద, ఆఫీసు క్లయింటు కోసం మొదలైన ఫైళ్లు అందులో ఉంటే పేచీ రావచ్చు. సొంతంగా పనిచేసేవాళ్లు కూడా క్లయింటుతో రాసుకున్న కాగితంలో కోడ్ ఎవరిదని ఉందో ఒకసారి తీసి చూసుకోవాలి. నోటిమాట సరిపోదు, "ఈ భాగాన్ని ఓపెన్ సోర్స్‌గా ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదు" అని రెండు లైన్ల మెయిల్ తెప్పించుకుని, అది చేతికొచ్చాకే రిపోజిటరీ పబ్లిక్ చేయండి.