కాన్ఫిగ్ కవరేజ్ రిపోర్ట్‌కు ఏది మేలు: రెజెక్సా, స్టార్టప్ డంపా, రీడ్ ఈవెంటా?

టెస్టులు ఏయే సెట్టింగులను, ఏయే విలువలతో నడిపాయో చెప్పేదే కాన్ఫిగ్ కవరేజ్ రిపోర్ట్. దాన్ని లాగుల (ప్రోగ్రామ్ నడుస్తూ రాసే నమోదుల) నుంచి తేల్చడానికి మూడు దారులున్నాయి.

మామూలు టెక్స్ట్ లాగుల మీద గ్రెప్ (లైన్లు వెతికే కమాండ్), రెజెక్స్ (వెతకాల్సిన అక్షరాల నమూనా) నడపడం మొదటిది. కోడ్ ముట్టుకోనక్కర్లేదు. కానీ ఎవరైనా మెసేజ్‌లో ‘టైమౌట్=30’ని ‘టైమౌట్: 30’గా మార్చారంటే రెజెక్స్ దాన్ని పట్టదు. ఎర్రర్ రాదు, కవరేజ్ మాత్రం చడీచప్పుడు లేకుండా పడిపోతుంది. సోర్స్ చేతిలో లేని సాఫ్ట్‌వేర్‌కు తప్ప దీని జోలికి పోవద్దు. తప్పదంటే, ప్రతి రన్‌లోనూ కనిపించి తీరాల్సిన సెట్టింగు ఒకటి ఎంచుకుని, అది దొరకని రోజు రిపోర్ట్ జాబ్‌నే ఫెయిల్ చేయండి.

రెండోది స్టార్టప్ డంప్, అంటే ప్రోగ్రామ్ మొదలవగానే సెట్టింగులన్నీ జేసన్‌లో (పేరు-విలువ జతలుగా రాసే టెక్స్ట్ ఫార్మాట్‌లో) రాయించడం. పైథాన్‌లో రూట్ లాగర్ (అన్నిటికీ మూలమైన లాగర్) డిఫాల్ట్ లెవెల్ వార్నింగ్. డంప్‌ను అంతకంటే కింది లెవెల్ అయిన ఇన్ఫోలో రాస్తే బయటికే రాదు. డంప్ అంతా ఒకే లైనైతే, 16 కేబీ దాటగానే డాకర్ (ప్రోగ్రామ్‌లను కంటెయినర్లలో నడిపే సాధనం) దాన్ని ముక్కలు చేస్తుంది, దాన్ని చదివే పార్సర్ చేతులెత్తేస్తుంది. కాబట్టి సెట్టింగుకో లైను పెట్టండి: రన్ ఐడీ (ఏ రన్‌దో చెప్పే గుర్తు), పేరు, విలువ, ఆ విలువ డిఫాల్టా, ఫైల్‌లోదా, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లోదా (ప్రోగ్రామ్‌కు బయటి నుంచి అందేదా). పాస్‌వర్డ్ లాంటివాటికి ‘ఉంది’, ‘ఖాళీ’ చాలు.

ఇవన్నీ సరిచేసినా అసలు లోపం పోదు. క్యాష్ ఆఫ్‌లో ఉన్నా క్యాష్ సైజ్ 256 అని డంప్‌లో వస్తుంది. ఆ కోడ్ ఒక్కసారీ నడవలేదు, రిపోర్ట్‌లో మాత్రం టెస్ట్ అయినట్టు పచ్చగా ఉంటుంది!

మూడోది రీడ్ ఈవెంట్. సెట్టింగు చదివే ఫంక్షన్‌లోనే లాగ్ లైను రాయిస్తారు. పేరు, విలువ కలిపి ఒక సెట్‌లో దాచుకుని, కొత్త జత వస్తేనే రాయాలి. లేదంటే లూపుల్లో లాగ్ ముంచెత్తుతుంది. మధ్యలో రీలోడ్ అయి విలువ మారినా దొరుకుతుంది. మొదట్లోనే సెట్టింగులన్నిటినీ ఒక ఆబ్జెక్ట్‌లోకి కాపీ చేసే కోడ్ ఉంటే అన్నీ చదివినట్టే నమోదై, ఇదీ డంప్‌లాగే తయారవుతుంది. అప్పుడు లైను ఆ ఆబ్జెక్ట్ ఫీల్డును వాడే చోట రాయాలి. ఎన్విరాన్‌మెంట్‌ను నేరుగా చదివే కోడ్ ఇందులో పడదు, దాన్ని వెతికి, ఈ ఫంక్షన్ ద్వారానే చదివేలా మార్చాల్సిందే.

కోడ్ మీదైతే రీడ్ ఈవెంటే మేలు, పక్కన డంప్ కూడా ఉంచండి. డంప్‌లో ఉండి రీడ్‌లో లేనివి ఏ టెస్టూ తాకని సెట్టింగులు, లేదా కోడ్‌లో ఎవరూ వాడని పాత సరుకు. రిపోర్ట్‌లో అన్నిటికంటే ముందు చూడాల్సిన కాలమ్ అదే.

ఏ దారైనా, మొత్తం సెట్టింగులు ఎన్ని అన్న లెక్క లాగుల నుంచి తీయకండి, స్కీమా ఫైల్ (ఉండాల్సిన సెట్టింగులన్నిటి జాబితా) నుంచి తీయండి. లాగులో ఎన్నడూ రాని సెట్టింగు లెక్కలోకే రాకపోతే 100 శాతం వచ్చేస్తుంది. సంఖ్యలకు 0, 1, డిఫాల్ట్, గరిష్ఠం అని బకెట్లు (విలువల గుంపులు) చాలు. 10 ఆన్/ఆఫ్ సెట్టింగులకు 1,024 కలయికలుంటాయి, రెండేసి చొప్పున చూస్తే విలువల జతలు 180 మాత్రమే. జతల లెక్క కట్టేటప్పుడు రెండూ ఒకే రన్ ఐడీలో కనిపించాలి, ఆ రన్ పాసై ఉండాలి.