ఓన్‌ఫ్లర్ చెక్క గంటగోపురం: మంగళవారం మాత్రం వెళ్లకండి

పారిస్ సెయింట్ లజార్ స్టేషన్లో రైలెక్కితే రెండు గంటల పైచిలుకులో త్రువిల్-దోవిల్. అక్కడి నుంచి బస్సులో ఇంకో అరగంట. నార్మండీ తీరంలోని ఓన్‌ఫ్లర్‌కి మేం వెళ్లిన దారి ఇది. నాన్నగారు కాకినాడ నుంచి వచ్చి అప్పటికి నెల కావస్తోంది. ఈఫిల్ టవర్ దగ్గర ఐదు నిమిషాలు నిలబడి "బావుంది, ఇక పద" అన్న మనిషి. 15వ శతాబ్దంలో చెక్కతో కట్టిన చర్చి, దానికెదురుగా విడిగా చెక్క గంటగోపురం ఉన్నాయని ఫోన్లో ఫొటో చూపిస్తే మాత్రం కళ్లజోడు తెమ్మన్నారు.

వెళ్లింది మంగళవారం. తప్పు నాదే. గోపురం లోపలి భాగం చిత్రకారుడు బూదాన్ పేరు మీదున్న ఆ ఊరి మ్యూజియం చేతిలో ఉంది, మ్యూజియానికి మంగళవారం సెలవు. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేద్దామనుకున్నవాళ్లం, తాళం చూసి గది వెతుక్కున్నాం. మీరు వెళ్లేముందు తెరిచి ఉండే నెలలు కూడా చూసుకోండి, చలికాలంలో లోపలికి పంపకపోవచ్చు.

అయితే ఈ గోపురాన్ని ముందు బయటి నుంచే చూడాలి. కింద గంట కొట్టేవాడి కోసం కట్టిన ఇల్లు, దాని నెత్తిన గోపురం. నాలుగు వైపులా ఏటవాలుగా దిగిన లావుపాటి ఊతకర్రలు దాన్ని పట్టుకుని ఉన్నాయి. గాలివానకి ఒరిగిన అరటిచెట్టుకి మనం పోటు పెడతాం చూడండి, అలా. గోడలకీ ఊతకర్రలకీ కూడా చెస్ట్‌నట్ చెక్క పెంకులు తొడిగారు. దగ్గరికెళ్లి చూస్తే ప్రతి పెంకూ అరచేయంత, ఎండకీ ఉప్పుగాలికీ బూడిద రంగు తిరిగి, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి. కొన్ని కొత్తవి, ఇంకా గోధుమ రంగులోనే ఉన్నాయి. ఎక్కడెక్కడ మార్చారో నాన్నగారు వేలు పెట్టి చూపిస్తూ ఒక చుట్టు తిరిగారు.

గంటలు చర్చి మీదే పెట్టుకోవచ్చు కదా అంటే, కట్టడం మొత్తం చెక్క. బరువైన గంటలు ఊగితే ఆ అదురుకి దూలాలు వదులవుతాయి. పైగా ఎత్తుగా ఉన్నదాని మీద పిడుగు పడి అంటుకుంటే చర్చి కూడా పోతుంది. అందుకే మధ్యలో ఖాళీ స్థలం వదిలి దూరంగా కట్టారు. ఇప్పుడా ఖాళీలో శనివారం సంత పెడతారట.

బుధవారం పొద్దున లోపలికెళ్లాం. మేం చూసింది కింది గది మాత్రమే. పాత చర్చి వస్తువులు కొన్ని పెట్టారు, వాటి కోసమైతే టికెట్ దండగ. చూడాల్సింది పైన: ఒకదానికొకటి అడ్డంగా, ఏటవాలుగా తొడిగిన ఓక్ దూలాలు. నాన్నగారు తాళ్లరేవులో టీచరుగా చేసినన్నాళ్లూ బడి అయ్యాక చెక్క పడవలు కట్టే చోటికి వెళ్లి కూర్చునేవారు. "ఒరేయ్, ఇది రంపం కోత కాదు, గొడ్డలి చెక్కు" అన్నారు. నాకు రెండూ ఒకేలా కనిపించాయి. కానీ ఆయన మాట నిజమే. 1453లో నూరేళ్ల యుద్ధం ముగిశాక, పాడైపోయిన పాత రాతి చర్చి స్థానంలో ఈ చెక్క చర్చినీ, దాని గోపురాన్నీ కట్టింది ఓడలు కట్టే వడ్రంగులే. అక్కడివాళ్లు వాళ్లని గొడ్డలి మేస్త్రీలు అనేవారు.

చర్చికి టికెట్ లేదు. పేరు సెయింట్ కేథరిన్. ఫ్రాన్స్‌లో మిగిలిన చెక్క చర్చిల్లో ఇదే పెద్దది. లోపల పైకప్పు రెండు పడవలు పక్కపక్కన బోర్లించినట్టు ఉంటుందని అందరూ రాస్తారు, నిజంగానే ఉంది. మాకు అంతకన్నా ముచ్చటేసింది స్తంభాల కింద. కొన్నిటికి రాతి దిమ్మె ఎత్తుగా ఉంది, కొన్నిటికి పొట్టిగా, కొన్నిటికి అసలు లేదు. అంత పొడుగు ఓక్ చెట్లు అన్నిటికీ దొరక్క, తక్కువైన మేరకి కింద రాయి పెట్టి సర్దేశారు. నాన్నగారు ఒక్కో దిమ్మెనీ జానతో కొలిచారు. కాపలా ఆవిడ చూసింది గానీ ఏమీ అనలేదు.

మా టికెట్‌తోనే బూదాన్ మ్యూజియం కూడా చూడొచ్చు. 1867లో ఫ్రెంచి చిత్రకారుడు మోనే గీసిన ఈ గోపురం బొమ్మ అక్కడుంది. గోపురం చూసొచ్చాక చూడండి, అప్పుడు రుచి.

పాత రేవు చుట్టూ నిలువుగా పేర్చిన సన్నటి ఇళ్లు ఫొటోలకి బావుంటాయి. రేవు ఒడ్డున తినకండి. పీల్చే గాలికి తప్ప అన్నిటికీ బిల్లు వేశారనిపించింది. ఆలుచిప్పలూ వేయించిన బంగాళాదుంపలూ అక్కడ ప్రసిద్ధి. చేప లేనిదే ముద్ద దిగని నాన్నగారు ఆలుచిప్పల గిన్నె చూసి మొహం తిప్పుకున్నారు. రెండు వీధులు వెనక్కెళ్తే దొరికిన నల్లగోధుమ (బక్‌వీట్) అట్టు, చీజ్ ముక్క వేసింది, సగం ధరకే కడుపు నింపింది. శాకాహారులకి అదే దిక్కు, హామ్ (పందిమాంసం) వద్దని ముందే చెప్పాలి.

గది మూడో అంతస్తులో, అటక కింద. లిఫ్ట్ లేదు. మెట్లు ఎంత ఇరుకంటే సూట్‌కేస్ ముందు, నేను వెనక. ఈ సంగతి బుకింగ్ పేజీలో ఎక్కడా రాయలేదు. డెబ్బై దాటిన మనిషితో వెళ్తూ అడక్కపోవడం నా బుద్ధి తక్కువ. దుప్పట్లు శుభ్రం, వేడినీళ్లు బాగా వచ్చాయి, కిటికీ తీస్తే చెక్క పెంకుల గోపురం కొస కనబడింది. మళ్లీ ఉంటానా అంటే ఒక్కణ్నయితే ఉంటాను.

తిరుగు ప్రయాణం లె హావ్ర్ అనే రేవు పట్టణం మీదుగా పెట్టుకున్నాం. ఆ బస్సు సెన్ నది మీద నార్మండీ వంతెన దాటుతుంది. స్తంభానికీ స్తంభానికీ మధ్య 856 మీటర్లు, 1995లో తెరిచినప్పుడు స్తంభాల నుంచి నేరుగా ఏటవాలు తీగలతో పట్టి ఉంచే ఆ రకం వంతెనల్లో ప్రపంచంలోనే పొడుగైనది. కిటికీ పక్క సీటు ఆయనకే ఇచ్చాను. వంతెన ఎక్కకముందే నాన్నగారు నిద్రపోయారు.